జవాబు కోసం వదిలిన ఖాళీ

భాలుబాసా, జంషెడ్‌పూర్
ఆగస్టు 2003

అత్తకి,

నీ మేనకోడలు రోహిణి నమస్కారాలు. ఈ ఉత్తరం రాసి, చింపి, మళ్ళీ రాస్తున్నాను. ఒత్తులు తప్పు పడితే నవ్వకు. అమ్మ నేర్పిన తెలుగు రాత ఇన్నాళ్ళూ కిరాణా చీటీలకే సరిపోయింది. నువ్వు ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చేదాన్ని కదా, దానికిది శిక్ష.

నీ గొంతు ఆపరేషన్ అయ్యాక నాన్న అలవాటుకొద్దీ విజయనగరం ఫోన్ చేసి "అక్కా" అన్నాడు. అవతల నువ్వు చెంచాతో పళ్ళెం మీద కొట్టావట. నాన్న ఫోన్ పెట్టేశాడు. అప్పుడే అనుకున్నాను, నీకు ఉత్తరాలు రాయాలని. దానికోసం తెలుగు పుస్తకాలు తెచ్చుకుని చదువుతున్నాను. నాకిప్పుడు మాటల పిచ్చి పట్టింది. ఈ వారం నా మాట "అలికిడి". మనిషి కనబడకుండానే ఉన్నాడని తెలియజేసే చప్పుడు. దీనికి సరిపోయే మాట హిందీలో వెతికాను, నాకు దొరకలేదు.

అసలు సంగతి. అన్న పెళ్ళి మాఘంలో ఖాయమైంది. పిల్ల పేరు పైడితల్లి, పార్వతీపురం వాళ్ళు. పెళ్ళి అక్కడే, గృహప్రవేశం ఇక్కడ మనింట్లో. ఆడపడుచుని కాబట్టి గుమ్మానికి అడ్డు నిలబడాల్సింది నేను. మన బస్తీలో ఉన్నన్నాళ్ళూ నువ్వు పక్కన నిలబడి గుమ్మం పాట పాడకుండా ఏ కొత్త జంటయినా లోపల అడుగుపెట్టిందా? ఈసారి నువ్వు పాడలేవు. వైద్యం మధ్యలో ప్రయాణం కూడా చెయ్యలేవని నారాయణ బావ చెప్పాడు. అయినా నాన్న ధైర్యంగా ఉన్నాడు. ఆపరేషన్‌కి ముందు, వేసవిలో నువ్వు వచ్చినప్పుడు, నా స్నేహితురాలు నందిత వాళ్ళింట్లో నీ పాట డిస్కు మీద రికార్డ్ చేయించాను కదా, అది ఉందని.

అత్తా, ఆ డిస్కు పలకడం లేదు. ఏ మిషన్లో పెట్టినా కాసేపు తిరిగి, లోపల డిస్కే లేదంటుంది. రికార్డింగ్ అయ్యాక "ఫైనలైజ్" అనే పని ఒకటి చెయ్యాలట, పుస్తకానికి విషయసూచిక రాసినట్టు. అది లేకపోతే మిషనుకి ఏది ఎక్కడుందో తెలియదు. ఆ రోజు పాటయ్యాక మేం పక్కగదిలో తినడానికి వెళ్ళి వచ్చేసరికి మిషను లైటు ఆరిపోయి ఉంది. "కరెంటు పోయినట్టుంది" అంది నందిత. నేను సరేనని డిస్కు తీసి కవర్లో పెట్టేసుకున్నాను. మిషనుతో ఇచ్చిన పుస్తకం చదవనైనా లేదు. తప్పు నాదే. నాన్నకి ఇంకా చెప్పలేదు, సిగ్గుగా ఉంది.

నీకు జ్ఞాపకమున్నంత వరకు పాట రాసి పంపుతావా?

నీ రోహిణి

*

విజయనగరం
సెప్టెంబరు

చిరంజీవి రోహిణికి అత్త సూర్యకాంతం దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నారాయణ చదివి వినిపిస్తానన్నాడు, నేనే చదువుకుంటానని లాక్కున్నాను. నీ ఒత్తులు బాగానే ఉన్నాయి. ఉత్తరమంటే పుస్తకాల్లో లాగ రాయాలని మొదలెడతాను గానీ, నాలుగో వరసకి నా మాటే వచ్చేత్తాది. నువ్వే సర్దుకుని చదువుకో.

నానిక్కడ బాగానే ఉన్నాను. మెడకి ముందర చిన్న కన్నం పెట్టారు, అందులోంచే ఊపిరి. దానికి గుడ్డ అడ్డం కట్టుకుంటాను. మొన్న పాలబ్బాయి నీళ్ళ పాలు పోత్తే తిట్టడానికి నోరు తెరిసీసాను. గాలి తప్ప మాటేదీ? పళ్ళెం తీసుకుని దడదడ కొట్టాను. వీధంతా పరిగెట్టుకొచ్చింది, ఇంట్లో పాము దూరిందేమోనని.

మీ అన్నయ్య పెళ్ళి మాట సంతోషం. పిల్ల పేరు మన ఊరి అమ్మవారు పైడితల్లమ్మదే, మంచిది.

ఇక ఆ బిళ్ళ సంగతి. పోతే పోయిందే. తప్పు నాదీ నాదీ అని గుండెలు బాదుకోకు. కరెంటు పోయిందన్నారు కదా, పోయిందనుకో. దాన్ని బాగుచేయించాలని ఊరంతా తిరక్కు. పారీ.

పాట రాద్దామని కూర్చున్నాను. రాగం లేకుండా మాట రావడం లేదు. నోట్లో అనుకుందామంటే నోరే లేదు. రెండు వరసలొచ్చి ఆగిపోయింది. బస్తీలో మీ అసిరమ్మ పిన్నినడుగు, దానికి కొంత తెలుసు. అది చాలు పెళ్ళికి.

తమ్ముణ్ణి బీపీ మాత్ర మర్చిపోవద్దను.

అత్త

*

భాలుబాసా
నవంబరు 2003

అత్తా! అత్తా! అత్తా!

నువ్వు పారెయ్యమన్నావు. నేను పారెయ్యలేదు. నీ మాట వినకపోవడం మంచిదైంది, చూడు.

సాక్చిలో మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈశ్వర్ సార్ డిస్కుని వెలుగుకి పట్టి తిప్పారు. లోపలి అంచు నుంచి కొంతమేర రంగు వేరుగా ఉంది. "గానా అందర్ హీ హై, రోహిణీ. సిర్ఫ్ పతా నహీఁ లిఖా" అన్నారు. పాట లోపలే ఉంది, చిరునామా రాయలేదంతే! ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఆయన చేసింది చెబితే నమ్మవు. చివరిదాకా నిండిన, సూచిక ఉన్న మంచి డిస్కు ఒకటి తీసుకున్నారు. కంప్యూటర్ డ్రైవు పై మూత విప్పేసి దాన్ని పెట్టారు. డ్రైవు దాని సూచిక చదువుకుని, తిరగడం ఆపింది. అప్పుడు బటన్ నొక్కకుండా చేత్తోనే దాన్ని మెల్లగా తీసి, మన డిస్కు పెట్టమన్నారు నన్ను. బటన్ నొక్కితే చదివింది మర్చిపోతుందట. పాపం, డ్రైవు లోపల పాత డిస్కే ఉందనుకుంటుంది. ఆ సూచిక ప్రకారం వెతుక్కుంటూ మన డిస్కు మీద ఉన్నది ఉన్నట్టు చదివేస్తుంది. అరువు తెచ్చుకున్న సూచిక! చాలాసార్లు ఆగిపోయింది. ఒకసారి డిస్కు నా చేతిలోంచి జారి కింద పడబోయింది. చివరికి స్పీకర్లోంచి గరగరమని, తర్వాత నువ్వు:

"తిరుగుతందేటే? ఇంక పాడీమంటావా?"

అత్తా, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సార్ నవ్వారు. పాట వచ్చినంతవరకు కాపీ చేసుకుని ఇంటికి పట్టుకెళ్ళి నాన్నకి వినిపించాను. నాన్న డ్యూటీ బూట్లు విప్పకుండా అలాగే కూర్చుని విన్నాడు. "మా అక్కే" అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

ఒక్కటే లోటు. పాట మధ్య ప్రశ్న దగ్గర పెద్ద ఖాళీ వస్తోంది. ఆ చోట డిస్కు చెడిందేమో. అది కోసేసి అటూ ఇటూ అతికిస్తే పాట ఆగకుండా సాగుతుందని సార్ అన్నారు. పాట తర్వాత కూడా ఇంకా ఏదో ఉంది. అది రేపు వింటాను.

నీ రోహిణి

*

భాలుబాసా
నవంబరు, అదే వారం

అత్తకి,

పాట మొత్తం వచ్చింది. చివర గరగర తప్ప ఏమీ లేదు. దాన్ని కోసేశాను. పెళ్ళికి పాట వరకు సరిపోతుంది.

పరీక్షలు దగ్గరికొచ్చాయి. కొన్నాళ్ళు రాయలేకపోవచ్చు.

రోహిణి

*

విజయనగరం
నవంబరు

రోహిణికి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది, సార్ బిళ్ళ మార్చిన సంగతి రాసినది. వెంటనే రాత్తన్నాను.

ఒకటి. ఆ ఖాళీ కొయ్యొద్దు. అది చెడిపోవడం కాదే. గుమ్మం పాటలో నాను అడుగుతాను, అడ్డు నిలబడ్డ ఆడగుంట జవాబు చెప్పాలి. ఎవరో ముక్కూ మొహం తెలీంది వచ్చి గుమ్మానికి అడ్డు నిలబడితే ఒప్పుకుంటారేటి? ముందు తనెవరో చెప్పుకోవాలి, ఆ తర్వాతే పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ పేర్లు అడగాలి. ఆ జవాబు కోసం ఆగాను. ఆ రోజు నీ వైపే చూసి ఆగాను. నువ్వు వేలు పెదాల మీద పెట్టి ఊరుకున్నావు.

రెండు. పాటయ్యాక ఉన్నది వినొద్దు. వినకుండా తీసీ. తమ్ముడికి వినిపించొద్దు. ఆడికసలే బీపీ. నా మాట విను ఈసారైనా. ఏముందని అడక్కు. ముసిలిదాని దగ్గు తప్ప అందులో ఏటీ ఉండదు.

తమ్ముడు విన్నాడా? వెంటనే రాయి.

అత్త

*

భాలుబాసా
డిసెంబరు 2003

అత్తా,

నాన్న వినలేదు. ఈశ్వర్ సార్ కూడా వినలేదు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కదాన్నే విన్నాను.

గరగర అని అబద్ధం రాశాను. అన్నీ స్పష్టంగానే ఉన్నాయి. నువ్వు దాచాలని చూశావు, నేనూ దాచాలని చూశాను. ఇద్దరికీ తెలిసినదాన్ని ఎవరి దగ్గర దాస్తున్నాం? అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పాట అయిపోయాక నువ్వు "నీళ్ళు తాగొత్తానమ్మా" అని లోపలికి వెళ్ళావు. మిషను తిరుగుతూనే ఉంది. నందిత వాళ్ళమ్మ లీలగారి గొంతు: "ఎంత బాగా పాడారమ్మా! మీ వాళ్ళేనా?"

తర్వాత నా గొంతు. "కాదండి. మా బస్తీలో ఉంటారు. అందరూ అత్తా అని పిలుస్తారు, అంతే."

ఆ "కాదండి" ఎంత తొందరగా అన్నానో విన్నాకే తెలిసింది. ఆలోచించడానికి కూడా ఆగలేదు. లీలగారు అటు వెళ్ళిన చప్పుడు. నందిత "తిరుగుతందేటే?" అని నిన్ను అనుకరించింది. నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "అలా కాదు, ఇలా" అని నేనే అని చూపించాను, సరిగ్గా నీలాగే. మరి నాకు రాకపోతే ఎవరికొస్తుంది? ఇద్దరం పగలబడి నవ్వుకుంటూ పక్కగదికి వెళ్ళిపోయాం.

వాళ్ళు ఇంజనీర్లు అత్తా. లీలగారు పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతుంది. నందిత గది ఒక్కటే మన ఇల్లంత ఉంటుంది. ఇది కారణం కాదని నాకు తెలుసు. రాస్తుంటే ఇంకా సిగ్గేస్తోంది.

ఆ తర్వాత కాసేపు ఫ్యాను చప్పుడే. పరదా కదిలింది. గాజుల అలికిడి. ఆ మాట నేనెంత సంబరంగా నీకు రాశానో. గాజులు మైకు దగ్గరికొచ్చాయి. నీ దగ్గు. అంతే, ఇంక ఏమీ లేదు. డిస్కు అక్కడ ఆగిపోయింది.

మన బస్తీలో కరెంటు పోతూనే ఉంటుంది కాబట్టి నందిత అన్నది నమ్మేశాను. నందిత వాళ్ళుండే కంపెనీ క్వార్టర్లలో కరెంటు పోదు కదా. ఆ రోజు మా తలల మీద ఫ్యాను ఆగలేదు.

నువ్వే ఆపావు. పరదా వెనక నిలబడి అంతా విన్నావు.

క్షమించమని అడగడానికి నాకు మాటలు దొరకడం లేదు. ఇన్ని మాటలు పోగేసుకున్నాను, ఒక్కటీ పనికి రావడం లేదు. పెళ్ళిలో ఆ పాట వెయ్యలేను అత్తా. లీలగారిని, నందితని పిలవమని అమ్మ పట్టుబడుతోంది. వాళ్ళ ముందు ఏ ముఖంతో నిలబడను? అసిరమ్మ పిన్నితో పాడిస్తామని నాన్నకి చెప్పేస్తాను.

రోహిణి

*

విజయనగరం
జనవరి 2004

రోహిణికి,

పండగ పనుల్లో జవాబు ఆలీసమైంది. అది ఒక వంక. రాయడానికి చెయ్యాడలేదు, అదీ నిజం.

అవునే. ప్లగ్గు పీకింది నానే.

కోపం రాలేదని రాత్తే అబద్ధం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నీతో మాటాడలేదు. గొంతు నొప్పనుకుని నువ్వు నా ముందు కిటికీ గుడ్డ దించావు, గాలి తగలకుండా. ఆ ప్రేమా నీదే, ఈ మాటా నీదే. నాకేటీ అర్థం కాలేదు.

అయితే కోపంతో పీకలేదు. ఇంటికెళ్ళగానే ఆ బిళ్ళ పెట్టి తమ్ముడు వింటాడని తెలుసు. అక్క పాటని వీధిలో వాళ్ళందర్నీ పిలిచి కూకోబెడతాడు. అందరి మధ్యలో పాటయ్యాక నీ మాట వినబడితే? తన కూతురు తన అక్కని మా వాళ్ళు కాదంటే? ఆడు అన్నం తినడు. టేపు రికార్డరయితే గుండీ నొక్కి ఆ కాస్తా చెరిపీదాన్ని, మనింట్లో ఎన్నిసార్లు చెయ్యలేదు? దాని మీదేమో అన్నీ ఇంగ్లీషు గుండీలు. పీకితే పడిందంతా పోద్దనుకున్నాను.

పాట కూడా పోద్దని తెలుసు. పోతే పోనీ, మీ అన్న పెళ్ళికొచ్చి మళ్ళీ పాడతాననుకున్నాను. గొంతే తీసేత్తారని అప్పటికి డాక్టరు చెప్పలేదు.

నువ్వు దాన్ని మళ్ళీ లేపావు. చూడు, ఆ బిళ్ళ మీద వెలుగుతో రాత్తారంట, అలా రాసింది పీకినా పోదంట.

క్షమించానని నాను రాయను. రాత్తే నువ్వు నాలుగుసార్లు చదువుకుని, ఏడిసి, మడిసి పెట్టీసుకుంటావు. పని అయిపోయిందనుకుంటావు. అలా కుదరదు. అసిరమ్మ పాడక్కర్లేదు. నా పాటే వెయ్యి. లీలగారిని నువ్వే వెళ్ళి పిలు. గుమ్మం దగ్గర నాను అడుగుతాను కదా, ఆ ఖాళీలో చెప్పు. నాకు కాదు, అందరికీ వినబడేలా చెప్పు.

ఖాళీ కొయ్యలేదు కదా?

అత్త

*

భాలుబాసా
ఫిబ్రవరి 2004

అత్తా,

ఖాళీ కొయ్యలేదు.

కార్డు పట్టుకుని నందిత వాళ్ళింటికి వెళ్ళాను. దారంతా వాక్యం తయారుచేసుకున్నాను, మంచి పుస్తకం తెలుగులో. లీలగారు తలుపు తియ్యగానే అది మొత్తం పోయింది. "ఆంటీ, వేసవిలో పాడినావిడ మా అత్త. మా నాన్నకి సొంత అక్క" అన్నాను.

ఆవిడ "తెలుసమ్మా" అంది.

"ఆ రోజు రికార్డింగ్‌కి ముందే వంటింట్లో చెప్పారు. 'మా తమ్ముడి కూతురండి, నా పాట కావాలని పట్టుబట్టి తీసుకొచ్చింది' అని. కాఫీ చల్లారిపోయేదాకా నీ గురించే. నీ మార్కులు కూడా చెప్పారు" అంది.

మరి "మీ వాళ్ళేనా" అని ఎందుకడిగారని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది: "నువ్వు మురిసిపోతావని అడిగాను."

అప్పటి నుంచి ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో, ఎన్ని టీలు తాగానో! ప్రతిసారీ ఆవిడకి తెలుసు. డిస్కులో ఏముందో చివరగా తెలుసుకున్నది నేనొక్కదాన్నే. నందిత లోపలి నుంచి వచ్చి వింటూ నిలబడింది. నావైపు చూడలేదు, నేలవైపు చూసింది. గేటు దాకా వచ్చి, "నేనూ నవ్వాను కదా" అంది. నాకు చెప్పలేదెందుకు అత్తా, లీలగారికి ముందే చెప్పానని? ఇంకాస్త సిగ్గుపడతానని దాచావా?

ఇక గుమ్మం సంగతి. నది అవతలి మాంగో పేట నుంచి సౌండ్ బాక్సుల అతను వచ్చి అరుగు మీద పెట్టాడు. అన్న, వదిన గడప బయట నిలబడ్డారు. నేను రెండు చేతులూ చాచి అడ్డు నిలబడ్డాను. బస్తీ ఆడవాళ్ళంతా నా వెనక, లీలగారు, నందిత వదిన పక్కన. నీ గొంతు మొదలైంది. "తిరుగుతందేటే?" కూడా ఉంచాను, తీసెయ్యలేదు. అందరూ నవ్వారు. ఆ నవ్వు వేరే.

గుమ్మాన అడ్డంగ నిలిచినాదెవరే
గాజుల చెయి చాచి ఆపినాదెవరే
ఏ ఇంటి గుంటవే, ఎవరి మేనకోడలివే

ఖాళీ వచ్చింది.

చెప్పలేకపోయాను అత్తా. అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. పెదాలు కదిలాయి గాని గాలి తప్ప ఏమీ రాలేదు. నీకు రోజూ ఇలాగే ఉంటుంది కదా అనిపించింది. అంతలో నువ్వు నాకోసం ఆగకుండా తర్వాతి వరసకి వెళ్ళిపోయావు: పేరు చెప్పినోరికే పీట ఏసేము.

"ఆపండి, ఆపండి" అన్నాడు నాన్న. "ఆడపడుచు జవాబు చెప్పకుండా పీటేటి? మా అక్క ఒప్పుకోదు." అసిరమ్మ పిన్ని "ఏటే రోహిణీ, నాలుక పార్వతీపురంలో మర్చిపోయొచ్చావేటి?" అంది. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సౌండ్ బాక్సుల అతను నా వైపు తిరిగి, "ఫిర్ సే లగాఊఁ, దీదీ?" అన్నాడు, మళ్ళీ పెట్టనా అని.

నేను తలూపాను.

మళ్ళీ నువ్వు మొదటి నుంచి అడుగుతూ వచ్చావు. ఈసారి లీలగారి వైపు చూడలేదు, నందిత వైపు చూడలేదు. నల్లటి ఆ బాక్సు వైపే చూశాను. ఎవరి మేనకోడలివే అని అడిగి ఆగావు.

"ఆదిబాబు కూతుర్ని. సూర్యకాంతం మేనకోడల్ని. ఏటి, తెలీదేటి?"

చివరి మాట పాటలో లేదు. నాకు తెలియకుండానే వచ్చేసింది. వీధి చివరిదాకా వినబడిందని అమ్మ అంటోంది. చెప్పి ఊపిరి తీసుకునేలోపు నువ్వు, నా జవాబు విన్నట్టే, తర్వాతి వరస ఎత్తుకున్నావు.

నీ మేనకోడలు
రోహిణి